మధ్య చాంబరే పదేపదే ఎందుకు పొంగుతోంది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి నేల. ఇల్లు కట్టి 14 ఏళ్లయింది. వంటింటి నీళ్లు, స్నానాల గది నీళ్లు పక్క సందులో భూమిలో వేసిన 4 అంగుళాల మట్టి పైపుల గుండా వీధి కాలువలోకి పోతాయి. మరుగుదొడ్డి లైను వేరు, అది సెప్టిక్ ట్యాంకుకు పోతుంది. సందులో మూడు చాంబర్లు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 20 అడుగులు. ఏడాదిగా మధ్య చాంబరు పొంగుతోంది. ప్లంబరు వెదురు బద్దతో పొడిచి, రెండుసార్లు యాసిడ్ పోశాడు. నెలా నెలన్నర బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. కిందటేడు రోడ్డు, వీధి కాలువ ఎత్తు చేశారు. అప్పటినుంచి వానొస్తే కాలువ నీళ్లే వెనక్కి తన్నుతున్నాయి. ఆ వైపు గోడ అడుగున చెమ్మెక్కి రంగు ఊడుతోంది. మొత్తం తవ్వి 6 అంగుళాల పైపు వేద్దామని మేస్త్రీ అంటున్నాడు. అంత అవసరమా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మేస్త్రీ మాట సంగతి. 6 అంగుళాల పైపు వద్దు. పైపు పెద్దదైతే నీళ్లు బాగా పోతాయని అందరూ అనుకుంటారు గానీ, ఇంటి వాడకం నీళ్ల విషయంలో జరిగేది వేరు. సింకులోంచి ఒక విడతలో వచ్చేది మహా అయితే బకెట్టెడు. ఆ బకెట్టెడు 4 అంగుళాల పైపులో కాస్త లోతుగా పారి మెతుకులనీ ఇసుకనీ తోసుకుపోతుంది. 6 అంగుళాల పైపులో అడుగున పలచగా పరుచుకుని, బరువున్నదాన్నంతా అక్కడే వదిలేసి నీళ్లు మాత్రం పోతాయి. ఒక వంటిల్లు, రెండు స్నానాల గదులు ఉన్న ఇంటికి 4 అంగుళాల పైపు చాలు. సరిగ్గా ఉండాల్సింది వాటం, అంటే పైపుకి ఇచ్చే వాలు.

మీ ఉత్తరంలో అసలు ఆనవాలు ‘మధ్య చాంబరే’ అన్న మాట. చెత్త వల్ల పూడితే ఒకసారి ఒకచోట, ఇంకోసారి మరోచోట పూడుతుంది. ప్రతిసారీ అదే చాంబరు నిండుతోందంటే అక్కడ పైపు వాటం పోయిందన్నమాట. నల్లరేగడి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుని నెర్రెలు విడుస్తుంది. ఇటుకలతో కట్టిన చాంబరు బరువు. కింద గట్టి పునాది లేకపోతే ఏటా కొంచెం కొంచెం కూరుకుపోతుంది. దాంతోపాటు దాని గోడలో బిగిసి ఉన్న పైపు చివరా దిగుతుంది. అక్కడ నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లలో వంటింటి జిడ్డు పేరుకుంటుంది, జిడ్డుకి సబ్బు, మెతుకులు, తలవెంట్రుకలు అతుక్కుంటాయి. మీది బోరు నీళ్లయితే ఉప్పు కూడా తోడై అది సున్నపు పెచ్చులా గట్టిపడుతుంది. వెదురు బద్ద ఆ పెచ్చులో బెజ్జం చేస్తుందే తప్ప వాటాన్ని తిరిగి తేలేదు. ఆ బెజ్జం పూడడానికి పట్టే గడువే మీ నెలా నెలన్నర.

యాసిడ్ మాత్రం ఇక పోయనివ్వకండి. మట్టి పైపులకి అది ఏమీ చేయదు గానీ, వాటిని కలిపిన అతుకుల్లోని సిమెంటునీ, చాంబరు లోపలి పూతనీ తినేస్తుంది. మీ గోడ చెమ్మకి ఆ రెండుసార్ల యాసిడ్ వంతు కూడా ఉండి ఉండొచ్చు. పైగా అదే కాలువలో ఎవరైనా బ్లీచింగ్ పౌడరు చల్లితే, రెండూ కలిసి క్లోరిన్ వాయువు లేస్తుంది. ఇరుకు సందులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు గునపం పట్టకముందు చేయాల్సిన పరీక్షలు. మూడునాలుగు రోజులు వాన లేని సమయం చూసుకుని ఒక పూట చేయండి. మూడు మూతలూ తీసి అరగంట గాలి పారనివ్వండి. చాంబర్లలోకి మనిషిని దించొద్దు. ఇవి చిన్నవి, పైనుంచే అన్నీ కనపడతాయి. మొదటి చాంబరులో రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి గుమ్మరించండి. మధ్య చాంబరు నిండి మూడోది ఖాళీగా ఉంటే అడ్డు రెండింటి మధ్యలో ఉంది. మూడోది కూడా నిండితే ఇబ్బంది వీధి కాలువ వైపు ఉంది. నీళ్లలో గుప్పెడు ముగ్గు రంగు కలిపితే ఇంకా మంచిది. మొదటి చాంబరులో పోసిన రంగు మూడోదానికి చేరక, గోడ పక్కన తడిలో తేలితే అతుకు విడిపోయినట్టే.

తర్వాత వాటం కొలవాలి. తాపీ మేస్త్రీ దగ్గర నీళ్లు నింపే పారదర్శకపు లెవెల్ ట్యూబు ఉంటుంది. 50 అడుగులది తెప్పించి, అందులో గాలి బుడగ ఒక్కటీ లేకుండా చూసి, మూడు చాంబర్ల దగ్గరా గోడ మీద ఒకే మట్టంలో పెన్సిల్ గీతలు పెట్టండి. ఆ గీతల మట్టం నుంచి ఒక్కో చాంబరులో పైపు అడుగు ఎంత లోతున ఉందో టేపుతో కొలవండి. ఉదాహరణకు 46, 52, 53 అంగుళాలు వచ్చాయనుకుందాం. మొదటి 20 అడుగుల్లో పైపు 6 అంగుళాలు దిగింది, తర్వాతి 20 అడుగుల్లో ఒక్క అంగుళమే దిగింది. అంటే మధ్య చాంబరు కూరుకుపోయింది. 4 అంగుళాల పైపుకి 10 అడుగులకు 3 అంగుళాల వాటం ఉంటే నిశ్చింత. నున్నటి పీవీసీలో వాడకం నీళ్లకి 2 అంగుళాలైనా సరిపోతుంది. ఒకటిన్నరకు తగ్గితే మాత్రం ఎంత మంచి పైపు వేసినా పూడుతుంది.

మూడో పరీక్షకి చేతి అద్దం, టార్చి చాలు. ఒకరు మధ్య చాంబరులో టార్చి వెలుతురు పైపులోకి కొట్టాలి, ఇంకొకరు మొదటి చాంబరులో అద్దం వాల్చి చూడాలి. పైపు తిన్నగా ఉంటే అద్దంలో నిండు చంద్రుడిలా వెలుతురు గుండ్రంగా కనిపిస్తుంది. కింద నీళ్లు నిలిచి సగమే కనిపిస్తే నడిమి భాగం దిగింది. వెలుతురుకి అడ్డంగా నల్లగా జుట్టులాంటిది వేలాడుతుంటే అది చెట్టు వేరు. సందు పక్కన వేప, రావి లాంటివి ఉంటే సిమెంటు అతుకులోంచి కారే తడిని వెతుక్కుంటూ వేరు వచ్చేస్తుంది. ఇదే పరీక్ష మధ్య చాంబరుకీ మూడోదానికీ మధ్య కూడా చేయండి. మాట వచ్చింది కాబట్టి, సందులో ఎక్కడైనా గచ్చు కింద డొల్ల చప్పుడు వస్తోందేమో కర్రతో తట్టి చూడండి. పందికొక్కులు పైపు వెంబడే బొరియలు తవ్వుతాయి, పైన గచ్చు నిలబడే ఉంటుంది, కింద మట్టి ఉండదు. పైపు జారడానికి అదీ ఒక కారణం.

ఈ మూడు పరీక్షల్లో ఒకచోటే లోపం తేలితే అక్కడివరకే తవ్వి బాగు చేసుకోవచ్చు. అయితే మీ మట్టి పైపు ముక్క ఒక్కోటి రెండడుగులే ఉంటుంది. 40 అడుగుల్లో ఇరవై దాకా సిమెంటు అతుకులున్నట్టు లెక్క. రేగడి నేలలో ఒకటి కదిలిందంటే మిగతావీ వరుసగా కదులుతాయి. కాబట్టి మధ్య చాంబరు కూరుకుపోయిందని తేలితే, మొదటి చాంబరు నుంచి మూడోదాని దాకా ఉన్న 40 అడుగులూ మార్చడమే మా సలహా. ఆ మేరకు మేస్త్రీ మాట సబబే. మొదటి చాంబరు, వంటింటి దగ్గర గల్లీ ట్రాప్ (సింకు నీళ్లు బయట దిగే జాలీ గుంట) బాగుంటే వాటిని ముట్టుకోనక్కర్లేదు.

కొనేముందు మూడో చాంబరు నుంచి వీధి కాలువ దాకా కొలతలు తీయాలి. ఇది వదిలేస్తే మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. కాలువలో మామూలు రోజుల్లో నీళ్లు ఏ మట్టాన ఉంటున్నాయో అదే గీతల మట్టం నుంచి కొలవండి. మీ పైపు నోరు ఆ నీటి మట్టానికి కనీసం 3 అంగుళాలు పైన ఉండాలి. లేకపోతే ముందు కాలువలో పేరుకున్న పూడిక తీయించమని మీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల కాలువ ఎత్తు కన్నా దాంట్లోని బురదే అసలు ఇబ్బంది. పూడిక తీశాక కూడా మట్టం చాలకపోతే మీ లైనునే పైకి లేపాలి. వంటింటి సింకు పైపు నేలకు పైనే బయటికి వస్తుంది కాబట్టి గల్లీ ట్రాప్‌ని లేపొచ్చు. లేపలేనిది స్నానాల గది నేలలోని నానీ ట్రాప్ (నీళ్లు దిగే జాలీ కిందుండే గిన్నె) నుంచి వచ్చే పైపు. కాబట్టి లెక్క దాని దగ్గర మొదలుపెట్టి కాలువ దాకా ఎన్ని అంగుళాలు దక్కుతున్నాయో చూడండి. ఉదాహరణకు ఆ దూరం మొత్తం 46 అడుగులనుకుంటే, దానికి 9 అంగుళాలు దొరికితే 10 అడుగులకు 2 అంగుళాల చొప్పున గట్టెక్కుతారు. 7కి తగ్గితే పైపులతో అయ్యే పని కాదు. అప్పుడు చిన్న సంపు కట్టి, ఫ్లోటు స్విచ్ (నీళ్లు పెరగగానే దానంతటదే ఆన్ అయ్యేది) ఉన్న అర హార్స్‌పవర్ డ్రైనేజీ పంపు పెట్టుకోవడమే దారి. ఇంకుడు గుంత తవ్వుకోమని ఎవరైనా చెబుతారు. రేగడి నీళ్లు పీల్చదు, వారం తిరక్కుండా గుంత నిండి కూర్చుంటుంది.

వానలో వెనక్కి తన్నే నీళ్లకి మూడో చాంబరులో, కాలువ వైపు పైపు నోటికి ఫ్లాప్ ఉన్న నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) బిగించండి. 110 మి.మీ. సైజు అడగాలి. చేతికి అందేలా చాంబరు లోపలే పెట్టించండి, భూమిలో పూడ్పించొద్దు. ఫ్లాపు కింద కొబ్బరి పీచు పోగొక్కటి ఇరుక్కున్నా అది మూసుకోదు, నెలకోసారి తీసి కడగాలి. ఇంకో సంగతి ముందే తెలుసుకోండి. కాలువ నిండి ఫ్లాపు మూసుకుపోయినంతసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు. కుండపోత కురిసే ఆ గంటా రెండు గంటలు బట్టలు ఉతకడం, తొట్టి ఖాళీ చేయడం ఆపుకోవాలి. డాబా మీది వాన నీళ్ల గొట్టం ఏదైనా ఈ చాంబర్లలోకి ఉంటే దాన్ని తప్పించి నేరుగా బయటికి తిప్పండి. 1,000 చదరపు అడుగుల డాబా మీద అంగుళం వాన పడితే 2,300 లీటర్లకు పైగా నీళ్లు వస్తాయి. ఫ్లాపు మూసి ఉన్నప్పుడు అవన్నీ మీ సందులోనే తేలతాయి.

ఇక సామాను. భూమిలో వేసే పైపు వేరు, గోడకి కట్టే పైపు వేరు. దుకాణంలో 4 అంగుళాల పైపు అనగానే పలచటి బూడిదరంగుది చేతికిస్తారు. అందులో ‘ఏ’ రకం వాన నీళ్లకి, గాలి గొట్టాలకి మాత్రమే. మీకు కావలసింది ఐఎస్ 15328 ముద్ర ఉన్న, భూగర్భ డ్రైనేజీకి చేసిన 110 మి.మీ. పైపు. ఇది చాలావరకు ఇటుక రంగులో దొరుకుతుంది. ఎస్‌ఎన్ అనేది పైపు గట్టిదనం అంకె, ఎస్‌ఎన్ 4 రకం సరిపోతుంది. సందులో కారు తిరిగేట్టయితే ఎస్‌ఎన్ 8 తీసుకోండి. అది దొరక్కపోతే ఐఎస్ 13592 ‘బీ’ రకం, గోడ మందం 3.2 మి.మీ.కి తగ్గనిది వాడొచ్చు. 20 అడుగులవి రెండు, అదనంగా 10 అడుగులది ఒకటి, రబ్బరు రింగు కప్లింగులు నాలుగు కొనండి. రేగడిలో జిగురు వేసి బిగించిన అతుకు కన్నా రబ్బరు రింగు మేలు. నేల కదిలినప్పుడు అది కొంచెం ఒదుగుతుంది, జిగురుది విరుగుతుంది. ఇవి కాక 60 ఘనపుటడుగుల ఇసుక లేదా రాతి డస్టు, అడుగున పరవడానికి 25 ఘనపుటడుగుల గ్రావెలు కావాలి. పైన పూడ్చే గ్రావెలు లోతుని బట్టి అదనం. మధ్య చాంబరుకి 100 ఇటుకలు, 2 బస్తాల సిమెంటు, కాస్త కంకర చాలు.

తవ్వకం వానాకాలంలో పెట్టుకోవద్దు. గోడకి దగ్గరగా తవ్వాల్సిన చోట పునాది అడుగు కన్నా లోతుకి పోకుండా తవ్వించండి. కందకం వెడల్పు అడుగుంబావు ఉంటే మనిషి కాలు పెట్టి పని చేయగలడు. పైపు అడుగు రావాల్సిన మట్టానికి 10 అంగుళాలు కిందికి తవ్వి, 6 అంగుళాలు గ్రావెలు పరిచి దిమ్మిసతో కొట్టాలి. దానిమీద 4 అంగుళాల ఇసుక పరవాలి. వాటాన్ని ఇసుకలోనే తీయాలి. రెండు చివరలా మేకులు కొట్టి, లెవెల్ ట్యూబుతో మట్టాలు పెట్టి, నూలు తాడు లాగి, ఆ తాడు వెంబడే ఇసుక చదును చేస్తే నడిమిలో పల్లం పడదు. పైపు కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు సరిచేసే అలవాటు ఉంది కొందరికి, ఒప్పుకోకండి. ఆ ముక్క ఉన్నచోట పైపు నిలబడుతుంది, పక్కన దిగుతుంది. రెండేళ్లకి మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

పరచడం దిగువ చివర నుంచి, అంటే మూడో చాంబరు నుంచి మొదలవ్వాలి. సాకెట్ (పైపుకి వెడల్పుగా ఉండే చివర) నోరు ఎగువకి చూడాలి, నీళ్లు సాకెట్‌లోకి దిగి అవతలి పైపులోకి పోవాలి. పైపు కోసిన చోట అంచుని ఆకురాయితో చుట్టూ ఏటవాలుగా అరగదీయండి, లేకపోతే రబ్బరు రింగు మడత పడి కారుతుంది. రింగుకి సబ్బు నీళ్లు పూయండి. గ్రీజు, ఇంజను ఆయిలు రబ్బరుని ఉబ్బిస్తాయి, వద్దు. పైపుని చివరిదాకా నెట్టి, అంచు దగ్గర గీత పెట్టి, ఒక సెంటీమీటరు వెనక్కి లాగండి. ఎండకి పైపు సాగినప్పుడు ఆ చోటు కావాలి. మధ్య చాంబరుకి అటూ ఇటూ రెండడుగుల ముక్క ఒక్కొక్కటి పెట్టి, తర్వాత కప్లింగు, ఆ తర్వాత పొడుగు పైపు రావాలి. రేపు చాంబరు అరంగుళం దిగినా ఆ చిన్న ముక్క వంగి సర్దుకుంటుంది, పైపు విరగదు. అదనపు 10 అడుగుల పైపు కొనమన్నది ఈ ముక్కల కోసమే.

చాంబరు లోపల 18 అంగుళాల చదరం చాలు. కింద 6 అంగుళాల గ్రావెలు, దానిమీద చాంబరు గోడల కన్నా చుట్టూ 4 అంగుళాలు వెడల్పుగా 4 అంగుళాల కాంక్రీటు. కూరుకుపోకుండా కాపాడేది ఈ వెడల్పే. రెడీమేడ్ ప్లాస్టిక్ చాంబర్లు కూడా దొరుకుతున్నాయి. తేలిక కాబట్టి రేగడి నేలకి నప్పుతాయి. ఇటుకతో కడితే లోపల 1:3 సిమెంటు పూత అరంగుళం మందాన, తడి ఆపే మందు కలిపి పూయించండి. డబ్బా మీద ఎంత రాసుంటే అంతే కలపాలి, చాలా రకాలకి బస్తాకు 200 మి.లీ. నున్నటి పీవీసీని సిమెంటు పట్టుకోదు. గోడలో కూర్చునే భాగానికి పైపు జిగురు రాసి, తడి మీదే పొడి గరుకు ఇసుక అద్ది ఆరనిచ్చాక బిగిస్తే పట్టుకుంటుంది. ఈ చిన్న పని ఎగ్గొట్టడం వల్లే పీవీసీ వేసిన చాంబర్లలో చాలావరకు పైపు చుట్టూ కారుతుంటాయి.

చాంబరు అడుగుని పళ్లెంలా చదునుగా వదిలేయడం మరో పొరపాటు. పైపు ముక్కని నిలువునా రెండుగా కోసి, ఒక బద్దని రెండు పైపుల నోళ్ల మధ్య కాలువలా కూర్చోబెట్టించండి. దాని రెండు పక్కలా సిమెంటుని అడుగుకు 2 అంగుళాల చొప్పున ఆ బద్ద వైపు వాల్చాలి. లోపలికి వచ్చే పైపు కన్నా పోయే పైపు అరంగుళం కిందుండాలి. మెతుకు నిలవడానికి చోటు లేకపోతే బొద్దింకలూ తగ్గుతాయి.

పూడ్చకముందు పరీక్ష చేయకుండా మేస్త్రీకి డబ్బు ఇవ్వకండి. పని పూర్తయిన మూడునాలుగు రోజులకి దిగువ పైపు నోటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టిన గుడ్డ ముద్దతో బిగించి, ఎగువ చాంబరులో పైపు మునిగేదాకా నీళ్లు నింపి గీత పెట్టండి. అరగంటకి మట్టం కదలకూడదు. తర్వాత గుడ్డ తీసి, టెన్నిస్ బంతి ఎగువన వేసి ఒక బకెట్టు నీళ్లు పోయండి. ఎక్కడా ఆగకుండా దిగువ చాంబరులో తేలాలి. పూడ్చేటప్పుడు పైపు పైన 6 అంగుళాల దాకా ఇసుకే, రాళ్లు లేకుండా, రెండు పక్కలా సమంగా వేయించండి. ఆ పైన గ్రావెలు 6 అంగుళాల పొరలుగా కొట్టాలి. తవ్విన రేగడిని మళ్లీ పూడ్చొద్దు, అది పొలానికి పంపించేయండి. పైన గచ్చుకి గోడ నుంచి అవతలికి మూడడుగుల్లో ఒక అంగుళం వాటం తీయించండి.

వంటింట్లో సింకు కింద జాలీ, గల్లీ ట్రాప్ మీద జాలీ తప్పనిసరి. చింతపండు పిప్పి, టీ పొడి, మాడిన నూనె సింకులో పడకూడదు. గంజి వారిస్తే వెంటనే రెండు చెంబుల నీళ్లు పోయండి, పైపులో చల్లారితే అది జిగురే.

గోడ చెమ్మ గురించి తొందరపడొద్దు. కారడం ఆగాక కూడా ఇటుక లోపలి తడి ఆరడానికి నెలలు పడుతుంది. ఊడిన పూతని చెమ్మ గీతకి అడుగు పైదాకా గీకించి, గోడని అలాగే ఒక ఎండాకాలం వదిలేయండి. తెల్లటి ఉప్పు లేస్తుంటే పొడి బ్రష్షుతో దులపాలి, నీళ్లతో కడగొద్దు. ఉప్పు లేవడం పూర్తిగా ఆగాకే మళ్లీ పూత, రంగు.